లప్పం కింద గీత

"దాన్ని తీసి బయట పడెయ్యి" అన్నాడు పెద్దకొడుకు.

చిన్నకోడలు తలెత్తలేదు. రబ్బరు తొడుగులు మోచేతులదాకా లాక్కుని, రంగు ఒలిచే మందుతొట్టి మూత మీద చెయ్యి వేసి నిలబడింది.

"నీకే చెప్తున్నాను. ఆ టీచరమ్మ చక్రాలు నా షెడ్డులో ఉండటానికి వీల్లేదు."

"రెండు తీసేశాను బావగారూ. అదిగో, గోడకి ఆనించి పెట్టాను. మూడోదే మందులో ఉంది. ఒకసారి మందులో వేశాక సగంలో తియ్యకూడదని నాకు నేర్పింది మీరే."

షెడ్డు గుమ్మంలో అత్తగారు నిలబడి ఉంది. పెద్దకొడుకు ఆవిడ వైపు తిరిగాడు.

"విన్నావా అమ్మా? ఇదీ వరస. ఆదివారంలోగా వెనకగదులు ఖాళీ చెయ్యమని నిన్న చెప్పానా, ఇవాళ సామాను సర్దుకోవాల్సిన మనిషి ఇక్కడ తిష్ట వేసింది."

"సామాను ఎంతుందని బావగారూ? రెండు పెట్టెలు, ఒక చెడ్డపేరు. పెట్టెలు మావి. పేరు మీరిచ్చింది. దాన్ని ఇక్కడే వదిలేసి పోదామని చూస్తున్నాను."

అతను తొట్టి వైపు ఒక అడుగు వేసి ఆగిపోయాడు. చేతికి తొడుగులు లేవు. ఆ మందు చుక్క పడితే చర్మం కాసేపట్లో ఎర్రగా పొంగుతుందని అతనికి తెలుసు. ఇంతలో వీధిలో హారన్ మోగింది. ఫ్యాక్టరీ గేటు ఊడిపోయిందని, వచ్చి అతకాలని పొద్దుటి నుంచీ ఫోన్లు. వాళ్ళ బండి వచ్చేసింది.

అతను గోడమేకుకి వేలాడుతున్న బ్లాస్టింగ్ గది తాళం లాక్కుని జేబులో వేసుకున్నాడు.

"అమ్మా, నేనొచ్చేదాకా నువ్విక్కడే కూర్చో. అది తొట్టిలోంచి పైకి రాగానే గోనెసంచిలో వేయించి మూతి కట్టించు. రుద్దడాలు, చూడడాలు ఏం అక్కర్లేదు."

బండి వెళ్ళిపోయింది. అత్తగారు ఒక ఖాళీ డబ్బా బోర్లించుకుని దాని మీద కూర్చుంది. చిన్నకోడలు గడియారం చూసుకుంది. ఇంకా ఇరవై నిమిషాలు.

ఆ రెండు చక్రాల్లో ఏమీ దొరకలేదు. రెంటినీ చివరిదాకా ఒలిచింది. శుభ్రమైన లోహం, తెల్లగా, అమాయకంగా. మూడోది కూడా అలాగే ఉంటే తను పిచ్చిదని తేలిపోతుంది. పెట్టెలు మోసుకుని, తల దించుకుని వీధి దాటాలి.

ఎనిమిది నెలల కిందట టీచరమ్మ కారు ముందుచక్రం మూలమలుపులో రెండు ముక్కలైంది. కారు వెళ్ళి గోడకి కొట్టుకుంది. ఆవిడ కుడికాలు మూడుసార్లు కోసి కుట్టారు. చేతికర్ర లేకుండా ఆవిడ ఇప్పటికీ గడప దాటలేదు. అవి కారుతో వచ్చిన చక్రాలు కావు. అందంగా ఉన్నాయని ఈ షెడ్డులోనే పాతవి కొని, ఇక్కడే నల్లరంగు కోటింగ్ వేయించుకుంది. వంగినవి సరిచేయడం, అతకడం పెద్దకొడుకు పని. రంగు కోటింగ్, దాన్ని పొయ్యిలో కాల్చడం చిన్నకొడుకుది.

జనం షెడ్డు ముందు మూగిన రోజున పెద్దకొడుకు వీధిలో నిలబడి అన్నాడు. "మా తమ్ముడు పొయ్యిలో మాడ్చేశాడు. వేడెక్కువై లోహం పెళుసెక్కింది. వాడి తరఫున నేను సిగ్గుపడుతున్నాను."

తమ్ముడు ఒక్క మాట మాట్లాడలేదు. ఆ రోజు నుంచీ వీధికి అతను మాడుగాడు. టీకొట్టు దగ్గర మాడుగాడు, మంగలి దగ్గర మాడుగాడు. పొయ్యి దగ్గరికి అన్న రానివ్వలేదు. ఇప్పుడు ఒక గిడ్డంగిలో మూటలు మోస్తున్నాడు.

కానీ ఆ చక్రాలు కాల్చిన రోజు పొయ్యి మీట తిప్పింది చిన్నకోడలే. వేడి ముల్లు గీత దాటలేదు. గంటసేపు దాని ముందే కూర్చుంది. ఆ మాట చెబితే, మొగుణ్ణి వెనకేసుకొస్తోందని అందరూ నవ్వారు. ఆ నవ్వు ఆమెకి ఒంట్లో ముల్లులా దిగి, అక్కడే ఉండిపోయింది.

అందుకే వారం కిందట టీచరమ్మ ఇంటికి వెళ్ళి మిగిలిన మూడు చక్రాలూ అడిగింది. "ఇది ఎవరి పనో మీకు చూపిస్తాను. ఒక్క అవకాశం ఇవ్వండి" అంది. ఆవిడ చాలాసేపు ఆలోచించి, మెట్ల కింద దుమ్ముకొట్టుకుపోతున్న వాటిని చూపించింది.

"ఎంతసేపు?" అంది అత్తగారు.

"అయిపోయింది అత్తయ్యా."

మూత తీసింది. ఘాటుకి అత్తగారు చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. చిన్నకోడలు కొక్కేనికి తగిలించి చక్రాన్ని పైకి లాగింది. నల్లరంగు పాలమీద మీగడలా ముడతలు పడి లేచింది. పైపు పెట్టి నీళ్ళు బలంగా కొట్టగానే పొరలు పొరలుగా ఊడి కాలువలో పడింది.

ఐదు ఆకుల చక్రం. నాలుగు ఆకులు వెండిలా బయటపడ్డాయి. ఐదో ఆకు మొదట్లో, అది మధ్యభాగానికి కలిసే చోట, బూడిదరంగు మచ్చ ఒకటి మిగిలిపోయింది. పుచ్చుపన్నులో పెట్టిన సిమెంటులా ఉంది.

ఆమె బ్రష్షు పిడితో ఆకు మీద కొట్టింది. ఖంగుమంది. మచ్చ మీద కొట్టింది. మొద్దుగా పలికింది.

"ఏంటది?" అంది అత్తగారు.

"లప్పం."

"లప్పమైతే ఏమైందట? గోడలకి పెట్టరూ?"

"గోడలు గంటకి ఎనభై కిలోమీటర్ల వేగంతో తిరగవు అత్తయ్యా."

అత్తగారికి మండింది. "నా ముందు తెలివితేటలు చూపించకు. వాడు సంచిలో వెయ్యమన్నాడు."

"వేస్తాను. ముందు ఇది తీసి."

"తాళం వాడి దగ్గరుంది."

"చేతులు నా దగ్గరున్నాయి."

బ్లాస్టింగ్ గదిలో అయితే సన్నటి ఇసుకరవ్వ జల్లులా కొట్టి పది నిమిషాల్లో లాగేస్తుంది. చేత్తో రెండు గంటలు పట్టింది. ఇత్తడి బ్రష్షు, కొస అరగదీసిన స్క్రూడ్రైవరు. పెచ్చులుగా, పొడిగా, గింజగింజగా తీసింది. అత్తగారు డబ్బా మీద నుంచి లేవలేదు, వద్దనలేదు. మధ్యలో ఒకసారి మాత్రం "మోకాళ్ళ కింద గోనె వేసుకో, సిమెంటు నేల" అంది.

లప్పం కింద అతుకు కనబడింది. చేపపొలుసుల్లా ఒకదాని మీద ఒకటి పడ్డ బొట్లు. అందరి అతుకుల్లోనూ పొలుసులు ఒక వైపుకి వాలితే, ఇవి దానికి ఎదురుగా వాలి ఉన్నాయి. ఎడమచేతి వాటం. ఈ వీధిలోనే కాదు, చుట్టుపక్కల నాలుగు వీధుల్లో ఎడమచేత్తో టార్చి పట్టే వెల్డరు ఒక్కడే.

చక్రం అంచు వంగితే సరిచేస్తారు. అంచు మీద చిన్న పగులైతే అతుకుతారు. ఆకు మొదట్లో పగిలిందా, తుక్కులో వెయ్యాల్సిందే. బరువంతా మోసేది ఆ చోటే. షెడ్డులో అడుగుపెట్టిన మొదటి వారంలోనే ఆమెకి ఈ మాట చెప్పింది కూడా బావగారే.

"చూశారా అత్తయ్యా?"

అత్తగారు వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"ఎవరైనా వేసుండొచ్చు" అంది చివరికి.

"మీ పెద్దబ్బాయి చేతిరాత మీకు తెలియదా?"

అత్తగారు లేచి, నడుం పట్టుకుని, ఇంట్లోకి వెళ్ళిపోయింది.

బ్లాస్టింగ్ గదికి తాళం వేసిన మనిషి పొయ్యి సంగతి మర్చిపోయాడు. రంగు కొట్టేముందు ఒలిచిన చక్రాన్ని ఉత్తగానే ఒక గంట పొయ్యిలో పెడతారు. లోహంలో ఇంకిన నూనె, మురికి చెమటలా ఊరి బయటికొచ్చేస్తాయి. లేకపోతే తర్వాత రంగు బుడగలు బుడగలుగా లేస్తుంది. ఆమె అన్నీ పద్ధతి ప్రకారం చేసింది. గంట తర్వాత తలుపు తీసి చూస్తే, అతుకు పక్కనే వెంట్రుకలా సన్నటి నల్లగీత ఊరి ఉంది. అతుకు కింద పగులు ఇంకా బతికే ఉందన్నమాట.

ఆమె ఆ గీతను చూసి నవ్వింది. ఎనిమిది నెలల్లో అదే మొదటి నవ్వు. అది తనకే బాగాలేదనిపించింది, అయినా ఆపుకోలేదు.

*

భర్త గిడ్డంగి నుంచి దీపాలు పెట్టేవేళకి వచ్చాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుని షెడ్డులోకి తీసుకెళ్ళి చూపించింది.

అతను చక్రాన్ని ముట్టుకోలేదు. దూరం నుంచే చూసి, పంపు దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కోవడం మొదలుపెట్టాడు.

"ఏమీ అనరేం?"

"ఏమనాలి?"

"ఆయన చేశాడని అనండి. నేను మాడ్చలేదని అనండి. కనీసం నా ముందైనా అనండి."

అతను చేతులు కడుక్కుంటూనే ఉన్నాడు. మూటల మురికి ఎప్పుడో పోయింది.

"దీన్ని ఇక్కడితో వదిలెయ్. రేపు గదులు ఖాళీ చేసి పోదాం. ఎక్కడో ఒకచోట బతక్కపోం."

"ఎలాగ? మాడుగాడి పెళ్ళాంగానా?"

"నీకు పుణ్యముంటుంది, వదిలెయ్."

"నాకు పుణ్యం వద్దండి. వీధిలో అన్న మాట ఆయన వీధిలోనే మింగాలి. నాకు అది చాలు. రేపు పదింటికి టీచరమ్మ వస్తుంది."

అతను పంపు కట్టేశాడు. ఏదో అనబోయి, తువ్వాలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. అన్నంటే ఇంకా భయమే, అనుకుంది ఆమె. ఆ భయం చూసి ఆమెకి అన్న మీద పగ ఇంకొంచెం చిక్కబడింది.

కాసేపటికి ముందువసారాలోంచి మాటలు వినబడ్డాయి. పెద్దకొడుకు తిరిగొచ్చాడు.

"సంచిలో వేయించావా?"

"వేయించాను" అంది అత్తగారి గొంతు.

"ఏమైనా చూసిందా?"

"ఏముందని చూడటానికి?"

గోడకి ఇవతల చిన్నకోడలు ఊపిరి బిగబట్టి నిలబడింది. అత్తగారు పెద్దకొడుకుతో అబద్ధమాడడం ఆమె ఎప్పుడూ వినలేదు. అది తన కోసమో, ఆవిడ కోసమో అర్థం కాలేదు.

*

ఆదివారం పదింటికి పెద్దకొడుకు ఇస్త్రీ చొక్కా వేసుకుని, కారు తాళం వేలికి తిప్పుకుంటూ బయటికొచ్చాడు. భార్యని పుట్టింటికి తీసుకెళ్ళాలి. తోడికోడలు కొత్తచీరలో, చేతిసంచితో వెనకాలే ఉంది.

అతని కారూ టీచరమ్మ కారు రకమే. దానికి నాలుగు చక్రాలూ నలుపు. ఇవాళ మూడే నలుపు. ముందు ఎడమవైపు చక్రం ఒంటి మీద గుడ్డలేనట్టు తెల్లగా మెరుస్తోంది.

వేలి చుట్టూ తాళం తిరగడం ఆగిపోయింది.

"ఎవరు బిగించారిది?"

"నేనే బావగారూ" అంది చిన్నకోడలు. కారు పక్కనే నిలబడి ఉంది, చేతిలో వీల్ పానాతో. "టైరు మాత్రం ఎదురింటి పంక్చర్ల తాత ఎక్కించాడు. అతుకు ఉన్న ఆకు మీకు కనబడేలా పైకి తిప్పి పెట్టాను."

వీధిలో టాక్సీ ఆగింది. టీచరమ్మ ముందు కర్ర దింపి, తర్వాత తను దిగింది. పంక్చర్ల తాత చెయ్యి తుడుచుకుంటూ ఇవతలికి వచ్చాడు. అతని వెనక ఇంకో నలుగురు. చిన్నకొడుకు షెడ్డు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"ఈ అతుకు ఎవరిది బావగారూ?"

"అతుకేంటి?" పెద్దకొడుకు వంగి, చూసినట్టు చూశాడు. "పోతలో వచ్చిన గీత అది. కంపెనీలో అచ్చు పోసేటప్పుడు ఒక్కోదానికి అలా వస్తుంది. తెలియనివాళ్ళకి అతుకులా కనబడుతుంది."

"అయితే భయం లేదంటారు."

"భయమెందుకు? లక్ష కిలోమీటర్లు నడుస్తుంది."

"అంత అక్కర్లేదు. టీచరమ్మ ఇంటిదాకా నడిస్తే చాలు. ఆ మూలమలుపు మీదుగా."

అతను జవాబు చెప్పేలోపు అత్తగారు వసారా మెట్లు దిగింది. ఎవరి వైపూ చూడకుండా కారు చుట్టూ తిరిగి, ముందు తలుపు తీసి, సరిగ్గా ఆ చక్రం పక్క సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది. అద్దం దింపింది.

"పద. నేనొస్తాను."

"నువ్వెందుకమ్మా?"

"భయం లేదన్నావుగా. నువ్వు అన్నాక నాకెందుకు భయం? ఓ చుట్టు చుట్టి వస్తే ఈ పిల్ల నోరు మూతపడుతుంది. ఎక్కు."

పెద్దకొడుకు నవ్వబోయాడు. నవ్వు రాలేదు. కారు చుట్టూ వెళ్ళి డ్రైవరు వైపు తలుపు మీద చెయ్యి వేశాడు. తాళం పెట్టాడు. తియ్యలేదు.

"టైరులో గాలి తక్కువుందమ్మా. దిగు."

"పొద్దున్నే కొట్టాను" అన్నాడు పంక్చర్ల తాత. "నా గాలికి వంక పెట్టకు నాయనా, నేనింకా బతికే ఉన్నాను."

ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దకొడుకు చొక్కా వీపుకి అంటుకుపోయింది.

"గాలి ఉందట" అంది తల్లి. "ఎక్కు."

"అమ్మా, దిగు."

"ఎందుకో చెప్పు."

"ఆ చక్రం మీద వద్దు."

"అదే, ఎందుకు?"

"ఆగదమ్మా అది" అన్నాడు పెద్దకొడుకు. "ఆకు మొదట్లో నేనే అతికాను. ఆగదు. దిగు."

తోడికోడలు చేతిసంచి మెట్టు మీద పెట్టి, దాని పక్కనే కూలబడింది.

చిన్నకోడలు ఆ మాటని చెవుల నిండా విన్నది. ఎనిమిది నెలలు సాన పట్టిన కత్తి దిగాల్సిన చోట దిగింది. అతని ముఖం పాలిపోవడం, పెదవులు ఆరిపోవడం, పంక్చర్ల తాత అతని వైపు కాక నేల వైపు చూడటం, అన్నీ ఒక్కొక్కటే చూసింది. దేన్నీ వదిలిపెట్టలేదు.

"ఇంకొంచెం గట్టిగా చెప్పండి బావగారూ. ఆ రోజు మాడ్చేశాడని గట్టిగానే చెప్పారు."

"ఇక చాలు" అన్నాడు ఎవరో.

ఆమె తిరిగి చూసింది. భర్త. షెడ్డు గుమ్మం వదిలి కారు దగ్గరికి వచ్చాడు. అన్నని కాదు, టీచరమ్మని చూస్తున్నాడు.

"అతుకు అన్నయ్యదే" అన్నాడు. "లప్పం నాది."

చిన్నకోడలికి వెంటనే అర్థం కాలేదు.

"దీనికీ, ఆ విరిగినదానికీ రెంటికీ నేనే పెట్టాను. ఆకు మొదట్లో వద్దన్నయ్యా అన్నాను. ఏం కాదు, పూసెయ్ అన్నాడు. పూసి, నున్నగా రుద్ది, రంగు కొట్టి పొయ్యిలో పెట్టడానికి మా ఆవిడకిచ్చాను. తనకి ఇదేం తెలియదు. విరిగిన రోజున అన్నయ్య అన్నాడు, మాడిందంటే పొరపాటంటారు, అతికి కప్పామంటే నేరమంటారు, అని. పొరపాటు నామీద వేసుకున్నాను."

మాడుగాడని పిలిచినప్పుడల్లా అతను తల దించుకునేవాడు. ఆమె దాన్ని ఓర్పు అనుకుంది. ఆ ఓర్పు కోసం మంగలితో పోట్లాడింది, టీకొట్టువాడితో పోట్లాడింది, ఈ ఇంట్లో ప్రతి మనిషితో పోట్లాడింది. తను నోటితో గెలిచిన ప్రతి పోట్లాటలోనూ అతను నిలబడి, అంతా తెలిసి, విన్నాడు.

టీచరమ్మ కర్ర చప్పుడు చేసుకుంటూ దగ్గరికి వచ్చింది. ముఖంలో కోపం లేదు. బాగా అలిసిపోయిన ముఖం.

"ఒకరిని చూపిస్తానన్నావు. ఇద్దరిని చూపించావు."

టీచరమ్మ కర్రతో ముందుచక్రాన్ని తట్టింది.

"ఆ చక్రం నాది. విప్పి టాక్సీలో పెట్టించమ్మా. అడిగేవాళ్ళకి నేను చూపించుకుంటాను."

పెద్దకొడుకు గొంతు తగ్గించాడు. "ఆలోచించుకో. అది ఈ వీధి దాటితే నేనొక్కణ్ణే జైలుకి పోను. నీ మొగుడూ నాతోనే వస్తాడు."

ఆమె అతని వైపు చూసింది. తర్వాత భర్త వైపు చూసింది. ఆ ఇద్దరి ముఖాలూ ఇంత ఒక్కలా ఉంటాయని ఆమె ఇన్నేళ్ళలో గమనించలేదు.

కారు ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. పానా మొదటి నట్టుకి తగిలించి, పైన పాదం పెట్టి తొక్కింది. నట్టు కీచుమని వదులైంది. రెండోది. మూడోది. ఐదూ వదులయ్యాయి.

"అత్తయ్యా, దిగండి. కారు లేపాలి."

అత్తగారు సీట్లోంచి కదల్లేదు. ఆవిడ కూర్చుని ఉన్నంతసేపూ కారు లేవదు, చక్రం ఊడదు. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు. ఆవిడ అద్దంలోంచి పెద్దకొడుకుని చూసింది, చిన్నకొడుకుని చూసింది. టీచరమ్మ కర్రని చాలాసేపు చూసింది. తలుపు తీసుకుని, పట్టుకోవడానికి ఎవరి చెయ్యీ అడక్కుండా, దిగింది.

చిన్నకొడుకు షెడ్డులోకి వెళ్ళి జాకీ తెచ్చాడు. భార్య పక్కన వంగి, దాన్ని ఆమె చేతికి అందించబోయాడు.

ఆమె అందుకోలేదు. పదకొండేళ్ళ కాపురంలో అతన్ని 'మీరు' అనే తప్ప మరోలా పిలవని మనిషి.

"అక్కడ పెట్టు" అంది. "పెట్టి, నువ్వూ వెళ్ళి మీ అన్న పక్కన నిలబడు."